మచ్చ లేని దున్నపోతు

పినగెడ్డ, అరకు లోయ
12 జనవరి 1926

చిరంజీవి డాక్టరు ఎలీయేజరు బాబుకి సుక్రు తాత దీవించి రాయించే ఉత్తరం.

నేనూ, మీ సోములమ్మ అమ్మమ్మా బాగున్నాం. బాగోలేనిది మా దున్నపోతు భీముడు. మిషను బడి మేష్టారు యేసుపాదం గారు ఆరేసుకున్న పంచె మింగేశాడు. ఈ ఉత్తరం రాస్తున్నదీ ఆయనే గనక అక్షరాల్లో కోపం కనిపిస్తే అది నాది కాదు. ఐదు రోజులుగా నెమరు లేదు, ఎడమ డొక్క ఉబ్బిపోయింది. పసర్లు పోశాం, లాభం లేదు. నువ్వు పెద్ద పశువులకి కత్తి వైద్యం చేస్తూ, పిల్ల డాక్టర్లకి కూడా నేర్పుతున్నావట. మీ నాన్న ఇక్కడ సువార్త చెప్పిన రోజుల్లో నా భుజమెక్కి సంత చూసిన గుంటడివి. ఈ పని చేసిపెట్టు. అల్లుడు అప్పన్న ఘాటీ దారిన కొండ దించి భీముణ్ణి తోలుకొస్తున్నాడు. అడిగితే మూడు మాటలు చెబుతాడు. నాలుగోది రాబట్టాలని చూడకు.

ఇంకో సంగతి. భీముడు కొండదేవతకి మొక్కిన పశువు. మూడేళ్ళ కిందట సోములమ్మకి చలిజ్వరం ముదిరితే నేనే మొక్కాను. ఆమె లేచింది. లేచి, తల్లి చచ్చిన ఆ దూడకి తన చేత్తో చోడిపిండి అంబలి తాగించి ఇంతవాణ్ణి చేసింది. వచ్చే చైత్ర పండగకి బలి ఇవ్వాలి. మొక్కినవాడు మాట వెనక్కి తీసుకోకూడదు. నోటితో అనకూడదు, కాగితం మీద రాయించకూడదు. అందుకని నేనేమీ రాయించడం లేదు.

నీ మేలు కోరే
సుక్రు (వేలిముద్ర)

తా.క.: కత్తిగాటు పడ్డ పశువుని మా దేవత ముట్టదు. ఊరికే, నీకు తెలిసుంటుందని.

*

పశువైద్య పాఠశాల ఆసుపత్రి
పెద్ద పశువుల వార్డు, పట్నం
2 ఫిబ్రవరి 1926

సుక్రు తాతకీ, సోములమ్మ అమ్మమ్మకీ ఎలీయేజరు వందనాలు.

భీముడు బతికాడు. తాళ్ళు వేసి పడుకోబెట్టి, డొక్క తిమ్మిరెక్కడానికి మందు పొడిచి, జానెడు మేర కోసి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి పంచె లాగాను. పదకొండుమంది విద్యార్థులు చుట్టూ నిలబడి చూశారు. పంచె రెండో అంచు కూడా బయటికొచ్చేసరికి ఒకడు చప్పట్లు కొట్టాడు, ఇద్దరు వాకిట్లోకి పరిగెత్తారు.

నీ తాజా కలం చదివి నీ బెంగ అర్థం చేసుకున్నాను. దేవతకిచ్చే పశువు మీద గాటు కనపడకూడదు, అంతే కదా. మామూలుగా పురికొసలాంటి దారంతో కుట్టేస్తాం. భీముడికి సన్నటి పట్టుదారం వాడి, వెంట్రుకల వాలు చూసి మరీ కుట్టాను. మా పెద్ద దొర భూతద్దం పెట్టి వెతుక్కున్నాడు. నా చేతిపని నేనే పొగుడుకోకూడదు గానీ, ఇలాంటి కుట్టు ఈ ఆసుపత్రిలో ఇంతవరకూ పడలేదు.

మీ మనవడిలాంటి
ఎలీయేజరు

తా.క.: పంచె ఉతికించి పంపుతున్నాను. మేష్టారు కట్టుకునే ముందు ఇంకోసారి ఉతుక్కుంటే మంచిది.

*

పినగెడ్డ
26 ఫిబ్రవరి 1926

డాక్టరు బాబుకి సుక్రు తాత దీవెనలు.

భీముడు క్షేమంగా ఇల్లు చేరాడు. పూజారి పోలయ్య వచ్చి తోక నుంచి కొమ్ముల దాకా తడిమి చూశాడు. "కోస్తే మచ్చ ఏదీ? డాక్టరు కోయనేదు. పంచె ఎనకదారినే వచ్చుంతాది" అని తేల్చేశాడు. పోలయ్యకి మహా సంతోషం. ఊరికి సంతోషం. మా ఇంట్లో సోములమ్మ మూడు రోజులుగా అంబలి ముట్టలేదు.

నీ పనితనాన్ని నేను తప్పు పట్టను. అయితే ఇంత పనితనం ఎవరడిగారు బాబూ? మా ఊళ్ళో కంబళి చిరిగితే కుట్టు ఆమడ దూరానికి కనపడుతుంది. కుట్టంటే అలా ఉండాలి.

సుక్రు (వేలిముద్ర)

తా.క.: భీముడి కుడి చెవి కాస్త పొడుగనిపిస్తోంది. కొంచెం కత్తిరించాల్సిన జబ్బేమైనా ఉందేమో పుస్తకాల్లో చూడు.

*

పశువైద్య పాఠశాల ఆసుపత్రి, పట్నం
10 మార్చి 1926

సుక్రు తాతకి వందనాలు.

నువ్వెంత జాగ్రత్తపరుడివి తాతా. కుట్టు ఊడుతుందేమోనని నీ భయం. ఊడదు. చెవి కూడా సరిగ్గానే ఉంది. పండగనాడు ఎవరూ వంక పెట్టకుండా ఇంగ్లీషులో సర్టిఫికేటు రాసి, లక్కముద్ర వేయించి పంపుతున్నాను. బయటికి కనపడే లోపం ఒక్కటీ లేదని అందులో ఉంది. పోలయ్య గారికి చూపించు. అమ్మమ్మని దిగులు మాని అంబలి తాగమను.

ఎలీయేజరు

తా.క.: డబ్బాలో పంపింది వెంట్రుకలు మొలిపించే లేపనం. కోసినచోట రోజుకు రెండుసార్లు రాస్తే ఉన్న కాస్త జాడ కూడా పోతుంది.

*

పినగెడ్డ
1 ఏప్రిల్ 1926

డాక్టరు బాబుకి.

దీవెనలు లోపలే ఉన్నాయి, ఇవాళ బయటికి రావడం లేదు.

లేపనం బాగా పనిచేసింది. భీముడి డొక్క మీద ఎలుగుబంటి బొచ్చు మొలిచింది. నీ సర్టిఫికేటు పోలయ్య గుడిలో దేవత పక్కన పెట్టాడు. మేష్టారికి తప్ప చదవడం ఎవరికీ రాకపోయినా ముద్ర చూసి దండం పెడుతున్నారు. పండగ పదిహేను రోజుల్లోకి వచ్చింది. పొట్టలోంచి పంచెతో పాటు ఇంకేదైనా తీశావేమో జ్ఞాపకం చేసుకో. పశువుకి నాలుగు పొట్టలంటారు. మూడు చాలు కదా?

ఇక్కణ్ణుంచి సోములమ్మ చెప్పింది చెప్పినట్టు రాయమంది. మేష్టారు రాస్తున్నారు:

"బాబూ, నీ సిన్నప్పుడు కుక్కపిల్లని మీ అయ్య బయట పారెయ్యమంటే, మా సోడిగింజల గాదిలో దాసేసి నేదని సెప్పినావు. నాను నీ ఎనక నిలబడి నేదనే అన్నాను. గేపకం ఉందా?"

సుక్రు (వేలిముద్ర), సోములమ్మ (వేలిముద్ర)

తా.క.: మిగిలిన లేపనం పోలయ్య తన బట్టతలకి రాసుకుంటున్నాడు. ఫలితం కోసం ఊరంతా కాచుకుని ఉంది.

*

పశువైద్య పాఠశాల ఆసుపత్రి, పట్నం
7 ఏప్రిల్ 1926

కొండదేవత పూజారి పోలయ్య గారికి, సర్జను ఎలీయేజరు నమస్కరించి రాసుకునే నిజం.

భీముణ్ణి కోశాను. నేనే కోశాను. తాళ్ళతో కాళ్ళు బిగించి, నేలమీద పడుకోబెట్టి, ఎడమ డొక్క మీద జానెడు మేర కత్తి దించాను. నెత్తురు కారింది. పదకొండుమంది చూశారు, వాళ్ళ సంతకాలు కింద ఉన్నాయి. వాళ్ళలో ఒకడు గీసిన బొమ్మ కూడా జతపరిచాను. పొట్టలోంచి నా చెయ్యి ఎంత మేర బయటికి కనపడుతోందో చూడండి. డొక్క మీద బొచ్చు గొరిగిస్తే గాటు దొరుకుతుంది. నా సర్టిఫికేటులో బయటి లోపం లేదన్నానే గాని కోయలేదనలేదు. గాటు పడ్డ పశువు పనికిరాదంటే తప్పు నాది, సుక్రు తాతది కాదు.

విధేయుడు
ఎలీయేజరు

తా.క. (ఈ చీటీ సుక్రు తాతకి మాత్రమే): పదకొండుమందికి పాఠాలు చెప్పేవాణ్ణి, నీ మాట తలకెక్కడానికి మూడు నెలలు పట్టింది. నాకు చాలా సిగ్గుగా ఉంది తాతా. అమ్మమ్మని క్షమించమను.

*

పినగెడ్డ
28 ఏప్రిల్ 1926

చిరంజీవి ఎలీయేజరు బాబుకి సుక్రు తాత నిండు దీవెనలు.

నీ ఉత్తరం మేష్టారు ఊరందరి ముందు చదివారు. బొచ్చు గొరిగారు. గాటు దొరికింది. పోలయ్య దాని మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచాడు. పనికిరాదంటాడని నేనూ, సోములమ్మా కాచుకుని కూర్చున్నాం.

పోలయ్య అలా అనలేదు. "దేవత ఒప్పని సెయ్యి ఈ పశువు మీద కత్తెడితే ఆ సెయ్యి పడిపోవాల. డాక్టరుకి ఏటైనా అయిందా?" అని అప్పన్నని అడిగాడు. అప్పన్న, "నేదు. బాగున్నాడు. తింటన్నాడు" అన్నాడు.

దాంతో తీర్పు అయిపోయింది. మీ ఆసుపత్రిలో తాళ్ళు వేశారు, పడుకోబెట్టారు, కత్తి పడింది, నెత్తురు నేల తాకింది, పదకొండుమంది సాక్షులు. అంటే మొక్కు ఆ రోజే తీరిపోయింది. తీరిన మొక్కుని మళ్ళీ తీర్చకూడదు. పండగ కోళ్ళతో జరిపించాం. భీముడు మా పెరట్లో ఉన్నాడు, సోములమ్మ రెండు పూటలా అంబలి తాగి వాడికి మూడు పూటలా పోస్తోంది.

పోలయ్యకి చెయ్యి వణుకుతోంది, వారసుడు లేడు. దేవత ఒప్పిన చెయ్యి నీదే గనక కత్తి పూజారివి ఇకనుంచి నువ్వే. ఊరంతా సరేనన్నారు. మొక్కుకుని మనసొప్పక బాధపడేవాళ్ళు చుట్టుపక్కల ఇంతమంది ఉన్నారని నాకూ తెలియదు. నాలుగు దున్నపోతులతో అప్పన్న నిన్న ఘాటీ దిగాడు. తలా జానెడు కోసి, కుట్టి, బతికుండగానే తిరిగి పంపు. ఈసారి కుట్టు కాస్త లావుగా వెయ్యి.

నీ భక్తుడు
సుక్రు (వేలిముద్ర)

తా.క.: కొండల్లో సువార్త చెప్పడానికొచ్చిన మీ నాన్న విశ్వాసం గారు నిన్న సంతలో ఈ కబురు విన్నారు. బైబిలు చంకన పెట్టుకుని పట్నం దారి పట్టారు. దున్నపోతులకంటే బేగి, ముందే వచ్చేస్తారు.