భూలికి చేరవలసిన తెల్ల దూది

బిస్మిల్లా. కోదాడలో పరుపుల దుకాణం నడుపుతున్న దూదేకుల నబీసాబ్ భార్యను, హుస్సేన్‌బీ అనే నేను, వయసు ఇరవై మూడు, చదువు ఐదో తరగతి, నా చేత్తో రాస్తున్న కాగితం ఇది. బుద్ధి నిలకడగా ఉంది. ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. తొమ్మిదో నెల నడుస్తోంది. ఎల్లుండి శనివారం మిర్యాలగూడ దవాఖానలో నాకు ఆపరేషన్. భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఒకరికి ఇవ్వాల్సింది తన దగ్గర పెట్టుకున్న మనిషి రాసి ఉంచాలని మా పెద్దలు చెబుతారు. ఈ పొద్దున తౌబా చేశాను, తప్పు ఒప్పుకుని ఇక చేయనని అల్లాకు మాటిచ్చాను. అప్పటినుంచి కూర్చోలేకపోతున్నాను, నిలబడలేకపోతున్నాను. వాకిట్లో ఎండ కూడా కడిగి ఆరేసినట్టుంది.

1. నా వారసులకు షరియత్ ప్రకారం రావాల్సిన వాటాల జోలికి నేను పోవడం లేదు. బయటివాళ్లకు నేను రాసేది మూడో వంతు దాటకూడదని ఖాజీ సాబ్ చెప్పారు. దాటదు.

2. ఇనప పెట్టెలో పాత దిండు గలేబులో కుక్కి ఉన్న తెల్ల దూది నాది కాదు. మోతె దగ్గర తండాలో ఉండే పుష్పాబాయి కూతురు భూలిది. నా మరణానంతరం నా భర్త దాన్ని హాలియాలో ఆమె అత్తగారింటికి చేర్చాలి.

అది నా దగ్గరికి ఎట్లా వచ్చిందో రాయకపోతే ఈ కాగితానికి అర్థం లేదు. నాలుగేళ్ల కింద ఎండాకాలంలో, పుష్పాబాయి తన చేలో ఏరిన దూదిని మూటగట్టి నెత్తిన పెట్టుకుని మా దుకాణానికి తెచ్చింది. బిడ్డ పెళ్లికి పరుపు కుట్టమంది. ఆ దూది వెన్నలా ఉంది. అప్పటికి నాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిస్తే నా బిడ్డకు చిన్న పరుపు ఇట్లాంటి దూదితోనే కుట్టాలని ఆశ పుట్టింది. నా భర్త లేని సమయంలో రెండు చేతులా తీసి దాచాను. బరువు తగ్గకుండా, ఒక ముసలాయన చనిపోతే వాళ్లింటివాళ్లు వదిలించుకున్న పరుపులోని దూది కలిపాను. చనిపోయినవాళ్ల పరుపు దూది పెళ్లి పరుపులో పెట్టకూడదన్నది మా పనిలో అందరికన్నా ముందు నేర్పే మాట. తెలిసే పెట్టాను. దబ్బనంతో నేనే కుట్టాను.

ఈ కడుపు నిలిచినప్పటి నుంచి ఆ పెట్టె తెరవలేదు. పోయిన వారం మా అత్తమ్మ సైదమ్మకు చెప్పాను. "తౌబా చేస్తే అల్లా తన హక్కు మాఫ్ చేస్తడు బిడ్డా. పుష్పాబాయి హక్కు పుష్పాబాయే మాఫ్ చెయ్యాలె" అంది. తర్వాత నా భర్తకు చెప్పాను. ఆయన దూది ఏకే విల్లు కింద పెట్టాడు. "నువ్వు మాట్లాడవని తెలుసు గని, గింత మాట్లాడవని తెల్వదు" అన్నాడు.

మంగళవారం పుష్పాబాయి దిండ్లకని దుకాణానికి వచ్చింది. అంతా చెప్పాను, తల ఎత్తకుండా. ముందు నవ్వింది. "నీకు నోరున్నదా పిల్లా! మూగదనుకున్న. భూలికి ఇద్దరు పోరగాండ్లు, ఆ పరుపు మీదనే ఎగురుతున్రు. సచ్చినోని దూది ఏం జేసిందట?" నా ప్రాణం లేచి వచ్చింది. ఇంతలో ఆమె నవ్వు ఆగింది. "గాని మంచుల నిలబడి ఏరిన ఆ దూది. నా బిడ్డ పండాలని ఏరిన. మాఫీ నన్నడగకు. దాన్నడుగు" అని దిండ్లు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

కాబట్టి నా భర్త హాలియా పోయి, భూలిని మాఫీ అడిగి, ఆమె ఒప్పుకుంటే ఆ పరుపు విప్పి, పాత దూది తీసేసి, ఆమె దూది ఆమెకు పెట్టి కుట్టి రావాలి.

3. నా బిడ్డను మా అమ్మ చీరల బొంత మీద పండుకోబెట్టాలి. అది మెత్తగానే ఉంటుంది.

4. మా తోటికోడలు మస్తానమ్మ నలుగురిలో నన్ను గింజ లేని కాయ అంది. ఆ మాట మాఫ్ చేశాను. అయితే నా స్టీలు బిందె మాత్రం ఆమెకు ఇవ్వకూడదు.

ఇది రాశాక నాకే సిగ్గేసింది. నేను మాఫీ కోసం తిరుగుతూ బిందె దగ్గర ఆగితే ఎట్లా? బిందె మస్తానమ్మకే. మూత కూడా.

5. అత్తమ్మకు నా ఉన్ని శాలువా. వద్దంటుంది. పండుకున్నాక కప్పండి.

6. పుట్టబోయే నా బిడ్డకు ఈ దువా. అరబ్బీలో అస్తగ్‌ఫిరుల్లా, అల్లా నన్ను క్షమించు అనే వరకే నాకు వచ్చు. మిగతాది ఈ పొద్దున నా భాషలో అడిగాను:

యా అల్లా, తప్పు చేసింది నేను. సాకు చెప్పను. దూదిని ఏకినట్టు నన్ను ఏకు. గింజ రాలనీ, నలుసు రాలనీ, దుమ్ము లేచిపోనీ. నువ్వు ఏకితే పాత దూది కూడా పొంగుతుంది. నా చేత్తో చెడింది నా చేత్తోనే బాగు చేయించు. ఎవరి హక్కు నా దగ్గరుందో వాళ్ల గడప దాకా నా కాళ్లను నడిపించు. మళ్లీ ఆ తప్పుకు చెయ్యి చాస్తే పట్టుకో. నన్ను కొత్తగా మొదలుపెట్టనివ్వు. ఆమీన్.

7. పై దువా కాగితం మీద పెడుతుంటే కలం ఆగింది. నా కాళ్లను నడిపించమని అడిగి, రెండో అంకెలో నా భర్త కాళ్లను పంపుతున్నానేమిటి? అది కూడా నేను చచ్చాక! ఆపరేషన్‌కు ఎట్లాగూ మిర్యాలగూడ పోవాల్సిందే, అక్కడికి హాలియా ఎంత దూరం?

లేచి, రేపే హాలియా పోతానని అత్తమ్మకూ నా భర్తకూ చెప్పాను, గట్టిగానే. అత్తమ్మ "నిండు కడుపుతోటి బస్సెక్కుతవా? నీకేమన్న గాలి సోకిందా?" అని అరిచింది. అరుస్తూనే తన చీర సంచిలో పెట్టుకుంది. నా భర్త "భూలి అందరి ముందర తిడితే?" అన్నాడు. తిట్టనీ. తల ఎత్తి వింటాను. మాఫ్ చేయనంటే దూది ఆమె చేతిలో పెట్టి, పరుపు బాగుచేసి వస్తాం. బతికుంటే మళ్లీ పోయి అడుగుతాను. చేస్తానంటే, ఇక నేనేమవుతానో నాకే తెలియదు, పరుగెత్తుతానేమో!

రెండో అంకెలో "నా మరణానంతరం నా భర్త" అన్న మాటలు కొట్టేశాను. వాటి పైన "రేపు పొద్దున నేనే" అని రాశాను. దాని కింద "నా భర్త హాలియా పోయి" అన్నచోట కూడా నేనూ పోతానని చదువుకోవాలి. కొట్టేసిందీ రాసిందీ నేనే. సాక్షులు చూశారు.

కోదాడ, 1993 డిసెంబరు 9, గురువారం.

(సంతకం) దూదేకుల హుస్సేన్‌బీ

సాక్షులు:
లింగన్న, పక్క టైలరు దుకాణం (సంతకం)
గోపాల్, ఎదురు సైకిల్ షాపు (సంతకం)