నిండు బిందెల నడక

అక్కా,

జ్వరం తగ్గింది, కంగారు పడకు. ఆఫ్రికా పల్లెల్లో మంచినీటి బోర్లు వేయించడానికి చందాలు పోగుచేస్తూ మా ఆఫీసువాళ్లం నిన్న ఊరంతా నడిచాం. అక్కడి ఆడవాళ్ల కష్టం నలుగురికీ తెలియాలని తలా ఒక నిండు బిందె మోశాం. చందాలు బాగానే వచ్చాయి. తీరా ఆఫీసు చేరగానే, నడుములు పట్టేసి, హమ్మయ్య అనుకుంటూ ఆ నీళ్లన్నీ మురిక్కాలవలో కుమ్మరించేశాం! మా మేనేజరమ్మ తన ఖాళీ బిందెలోకి చూసి, "ఏం పని చేశామర్రా మనం!" అంది. అప్పట్నుంచీ నా మనసు ఒకచోట నిలవడం లేదు.

నా పాత కళ్లజోడు పంపు. చంటిదానికి పళ్లొచ్చాయా? కిందటి కార్డులో రాశావే, ఆ పెరటి కుళాయి ఇంకా కారుతోందా? ఆ చుక్కల చప్పుడు ఇక్కడ నా చెవిలో పడుతోంది. బావకు నా నమస్కారాలు, కుళాయి బాగుచేశాకే చెప్పు.

నీ చెల్లి