కాఫీకి పిలిచే ప్లేయర్

హోసూరు, ఆదివారం, జూన్ 2007

షుగరుతో చూపు పోయినప్పటి నుంచి బావ మ్యూజిక్ ప్లేయర్‌ను ముట్టుకోలేదు. ప్రతి పాటకూ మమ్మల్ని అడగడం ఆయనకు నామోషీ. ఈ రోజు ఎవరినీ అడగకుండా తనే మీటలు నొక్కాడు.

కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, దాని బదులు ఎవరో ఇంటర్‌నెట్‌లో ఉచితంగా పంచిపెట్టిన ఫర్మ్‌వేర్, అంటే ప్లేయర్‌ను నడిపే ప్రోగ్రాం, ఎక్కించాను. మధ్యలో తేడా వస్తే ప్లేయర్ చచ్చినట్టే. ఏమీ కాలేదు. ఇప్పుడది ఏ ఫోల్డర్ దగ్గరికి వెళితే ఆ పేరు పలుకుతుంది. పేర్లన్నీ మొన్న నేనే రికార్డు చేశాను.

చిన్న స్పీకర్ తగిలించి ఇచ్చాను. బావ మీట నొక్కాడు. "భజనలు" అంది నా గొంతు. ఇంకోసారి నొక్కితే "నాదస్వరం" అంది. ఆ వెంటనే అక్క గొంతు: "కాఫీ చల్లారిపోతా ఉంది, యాడుండారు అందురూ?"

మొన్న నేను పేర్లు రికార్డు చేస్తుంటే అక్క వంటింట్లోంచి పిలిచిన పిలుపు కూడా అందులో పడిపోయింది. "వస్తా ఉండా" అంటూ బావ లేచి నిలబడ్డాడు. అక్కేమో సంతకు పోయింది.

"మళ్లీ రికార్డు చేస్తాలే బావా."

"వద్దప్పా, అట్లే ఉండనీ. ఆయమ్మ యాడికన్నా పోతే నన్ను కాఫీకి పిలిచేదెవురు?"

ఈ ఫర్మ్‌వేర్ రాసినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో, వాళ్లకు దండం పెట్టాలనిపించింది. బ్యాటరీ పాతది, ఎన్నాళ్లు వస్తుందో మరి...

బావ మాత్రం నాదస్వరం పెట్టుకోనే లేదు. అక్క తిరిగొచ్చేదాకా ఆ పేరు దగ్గరికే పోయి పోయి, పిలిపించుకుంటూ కూర్చున్నాడు.