నేను బిగించిన మరలు

మార్చి 3

తమ్ముడికి దగ్గు తగ్గిందా? తగ్గిందన్నాడు. మరి స్నానాల గదిలో దగ్గింది ఎవరు? మరదలికి మోకాళ్లెలా ఉన్నాయి? బాగున్నాయంది. బాగుంటే మెట్లు పక్కకు తిరిగి ఎందుకు దిగుతుంది? నా బీపీ సంగతి ఎవరూ అడగలేదు. నన్ను నేనే అడిగాను. పరవాలేదు.

రిటైరై ఖాళీగా కూర్చోలేక తమ్ముడు సెకండ్‌హ్యాండ్ గిటార్ ఒకటి కొన్నాడు. పెడల్ స్టీల్ గిటారట. ఒళ్లో పెట్టుకునేది కాదు, ఇస్త్రీ బల్లలా కాళ్ల మీద నిలబడుతుంది. పైన పది తీగలు, కింద పెడల్స్, మోకాలితో నెట్టే లీవర్లు. ఇది గిటారా, నా కుట్టుమిషన్‌కి చుట్టమా అన్నాను. అయితే అక్కాతమ్ముళ్లు కూర్చుని చొక్కాలు కుట్టండి అంది మరదలు.

అమ్మిన పెద్దాయన వాద్యాలు రిపేరు చేస్తాడట. శ్రుతి అంతా తన చేత్తోనే చేసి ఇచ్చాడట. తమ్ముడు పెడల్ తొక్కితే తీగ సాగి సాగి పైకి పోయింది. ఎవరో ఏడవబోయి ఆపుకున్నట్టు. బాగుంది.

మార్చి 4

వాళ్లిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఏం చెబుతాడోనని కాలు నిలవక గిటార్ తుడిచాను. ఒక చివర చిన్న చిన్న నైలాన్ మరలు. కొన్ని బిగువు, కొన్ని వదులు. ఆటోలో కుదుపులకి వదులైపోయాయనుకున్నాను. బట్టల ఫ్యాక్టరీలో ఇన్నేళ్లు కుట్టుమిషన్ ముందు కూర్చున్నదాన్ని, వదులు మర కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పెట్టెలో చిన్న పానా ఉంది. అన్నీ బిగించేశాను.

దగ్గు మామూలుదేనట.

మార్చి 5

గిటార్ పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. ఏ పెడల్ తొక్కినా అంతే. తమ్ముడు పెద్దాయనకి ఫోన్ చేసి కేకలేశాడు. కొన్న రోజు ఏదో మాయ చేసి అంటగట్టావు, ఈ వయసులో జనం నెత్తిన టోపీ పెట్టడానికి సిగ్గులేదా అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

ఇది నా వల్ల జరిగింది కాదేమో. కాకపోవచ్చు.

మార్చి 7

నా వల్లే.

తమ్ముడు ఇంటర్నెట్‌లో చూసి సెట్టింగ్ నేర్చుకున్నాడు. పెడల్ తొక్కకుండా ఉన్నప్పుడు తీగని బిరడాతో శ్రుతి చేయాలి. తర్వాత పెడల్ తొక్కి పట్టి, అదే తీగని ఆ చివరనున్న నైలాన్ మరతో శ్రుతి చేయాలి. ఏ మర ఎంత వదులుండాలో అంతే ఉండాలట. నన్ను కింద కూర్చోబెట్టి చేత్తో పెడల్ నొక్కి పట్టమన్నాడు. పట్టాను. అన్నీ ఒక్కలా బిగించాడక్కా, ఏ గాడిద చేసిన పనో అన్నాడు. అవున్రా అన్నాను. గాడిద వాడి కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది.

నాలుగు తీగలు దారికొచ్చాయి.

మార్చి 8

పెద్దాయనే ఫోన్ చేశాడు. తప్పు తనదేనట, గిటార్ తెచ్చి డబ్బు పట్టుకుపొమ్మన్నాడు. చెవి మోసం చేస్తున్నట్టుంది, ఇక ఎవరి వాద్యమూ ముట్టుకోను, వచ్చే వారం షాపు మూసేస్తున్నాను అన్నాడట. తమ్ముడు మెత్తబడి పాపం అన్నాడు. నేను భోజనం ముందునుంచి లేచిపోయాను. బీపీనా వదినా అంది మరదలు. అవునన్నాను. రెండో అబద్ధం.

మార్చి 9

ఇవాళా చెప్పలేదు.

మార్చి 10

చెప్పేశాను. తమ్ముడు కోప్పడితే బాగుండేది. అనరాని మాటలన్నీ అన్నాను కదక్కా ఆయన్ని అని తల పట్టుకున్నాడు. మరదలు నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చింది.

పెద్దాయన భార్య ఎత్తింది. మరలు బిగించింది నేనేనమ్మా, ఆయన చెవి బంగారంలా ఉంది అన్నాను. ఆవిడ అంది, నేను చెబితే ఓదార్చడానికి అంటున్నాననుకుంటారు, మీరే వచ్చి మొహం మీద చెప్పండి అని.

మార్చి 11

మిగతా తీగలు తమ్ముడు ముట్టుకోవడం లేదు. అవి ఆయన చెవికే వదిలేద్దాం అన్నాడు. గిటార్‌తో సహా వెళ్తున్నాం. గురువారం, పద్నాలుగో తేదీ, సాయంత్రం నాలుగింటికి.