ఎర్రచుక్క కనపడలేదు

రేపల్లె, 1993 జూన్, మంగళవారం

మరియదాసు బాబాయి బాపట్ల నుంచి తెచ్చిన వీడియో గేమ్ బోర్డు ఈరోజు నా చేతిలో కాలిపోయింది.

జబ్బు చిన్నదే. ఆయన షాపులో సముద్రపు గాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పట్టి, తెర మీద బొమ్మ వచ్చి పోతోంది. రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచాను. బోర్డును పరీక్షించడానికి నా బల్ల మీద ఉన్న కనెక్టర్ ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది, తలకిందులైతే బోర్డు పోతుంది. అందుకే ఎప్పుడో మా ఆవిడ సుగుణ గోళ్ళరంగు అడిగి పైవైపు ఎర్రచుక్క పెట్టుకున్నాను. ఈరోజు ఆ చుక్క ఎంత వెతికినా కనపడలేదు. ఎవరినైనా చూడమని అడగడానికి సిగ్గేసి, చేతి అలవాటు మీద నొక్కేశాను. స్విచ్ వేయగానే పొగ.

టీ తాగి వచ్చిన బాబాయితో, "బోర్డు లోపల ముందే పోయిందండి" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

"నీ చేతుల్లో కూడా బాగవలేదంటే దానికి నూకలు చెల్లినట్టేలే నాయనా," అన్నారు.

ఇక అద్దాలు మార్చినా లాభం లేదని తెనాలి కంటి డాక్టరు చెప్పి నెలయింది. సుగుణకే చెప్పలేదు. ఈ పని పోతే నాకు ఇంకేం వచ్చు? చర్చిలో ఆదివారం వాక్యం కూడా చూసి కాదు, కంఠతా చదువుతున్నాను.

వెళ్ళబోతూ బాబాయి గుమ్మంలో ఆగారు. "రెండో బోర్డుకి కూడా అలాగే బొమ్మ వచ్చి పోతోంది. ఇంకొకళ్ళ చేతిలో పెట్టను, రేపు పొద్దున్నే బస్సుకి తెస్తా."

తీసుకురండి అన్నాను.