అత్తమ్మ ఉప్పు మానేసింది

బుధవారం రాత్రి, మార్కాపురం ఆసుపత్రిలో

బీపీకి ఉప్పు తగ్గించమంటే అత్తమ్మ పూర్తిగా మానేసింది. ఇంత ఎండల్లో మిరపకోతలకు పోతూ చప్పిడి సంగటే తిన్నది. మొన్న నేను పెట్టిన కంచం నెట్టేసి, "విషం కలిపినావు, నన్ను చంపుతావా ఏందే!" అని అరిచింది. దయ్యమేమోనని పాస్టరుగారితో ప్రార్థన కూడా చేయించాం. ఈ పొద్దున స్పృహ తప్పితే ఇక్కడికి తెచ్చాం. రక్తంలో ఉప్పు బాగా పడిపోయి మతి తప్పిందని ఇక్కడి డాక్టరమ్మ చెప్పి, సెలైన్ పెట్టించింది. ఈ సాయంత్రం అత్తమ్మ కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకుంది. "పొద్దుట్నించి ఇట్లనే కూచున్నావా? ఏమన్నా తిన్నావా అమ్మీ?"

ఇంత మనిషిని చిటికెడు ఉప్పు మార్చేస్తుందా! ఆ అనుమానం ఉప్పు లేక వచ్చిందైతే, మరి ఈ ప్రేమ అత్తమ్మదా, సెలైన్‌దా...

నిద్రలో కూడా నా చెయ్యి వదల్లేదు. ఒంటిచేత్తోనే రాస్తున్నాను.