చార్లీ, మైక్, టాంగోల గుణాలు

ఫిబ్రవరి 2, సోమవారం

ఇడ్లీ పిండి రుబ్బడం అయింది. దుప్పట్లు నాలుగు ఉతికి ఆరేశాను. అత్తయ్య బీపీ మాత్రలు వారానికి సరిపడా సర్దాను. ఆయన స్కూలు చొక్కాలు ఇస్త్రీ — ఆరు. కొబ్బరికాయల దింపు రేపటికి వాయిదా.

ఏడింటికి మా అమ్మాయి కెజియా ఫోను. అది చదివే ఫ్లైయింగ్ స్కూల్లో ఒక్కో విమానాన్నీ తోకమీది చివరి అక్షరంతో పిలుస్తారు — చార్లీ, మైక్, టాంగో. ఇన్నాళ్ళూ దాన్ని చార్లీ ఒక్కదాంట్లోనే ఎక్కించారు. ఇవాళ మైక్. "అమ్మా, రెండూ విమానాలే గానీ రెండూ ఒకటి కాదమ్మా! దీని బుద్ధి వేరు, దాని బుద్ధి వేరు!"

ఫోను పెట్టగానే ఈ డైరీ వెనక పేజీల్లో గళ్ళు గీశాను. విమానం, గుణం, గాలి, దిగిన తీరు. మిక్సీ కొనేటప్పుడు కూడా ఇలాగే గీశాను.

ఫిబ్రవరి 3

చార్లీ — రెండే సీట్లు, రెక్కలు నెత్తిమీద. నాటు పడవ. కాలు పెడితే ఒరుగుతుంది, వేలితో తాకితే తిరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో మాత్రం బద్ధకం, పైకి లేవదు.

మైక్ — నాలుగు సీట్లు, రెక్కలు నెత్తిమీదే. పంటు. గోదారి దాటించే పంటు లారీ ఎక్కించినా చలించదే, అలాగ. చెప్పింది చేస్తుంది, కాస్త ఆలోచించి.

టాంగో ఇంకా ఎక్కలేదు. గడి ఖాళీ.

ఫిబ్రవరి 5, గురువారం

టాంగో ఎక్కింది!

రెక్కలు కిందనున్నాయి. వాటిమీద నడిచి లోపలికి వెళ్ళాలట. తలుపు ఒక్కటే, అదీ కుడివైపు — ఎడమ సీటు మనిషి ముందు దూరాలి. మిగతా రెండింటికీ పెట్రోలు పైన రెక్కల్లోంచి దానంతటదే దిగుతుంది, మా డాబా మీది నీళ్ళ ట్యాంకులాగ. దీనికి అలా కుదరదు. ఎడమ ట్యాంకు, కుడి ట్యాంకు — మధ్యమధ్య తిప్పుకోవాలి. రెండు గ్యాసు బండలు. నాకు భలే నచ్చింది. లెక్క తెలిసిన మనిషికి తగిన విమానం.

కానీ దిగేటప్పుడు దిగదట. నేలకి మూరెడెత్తులో తేలుతూ పోతుంది. "వెళ్ళొస్తామండీ అని లేచి, గుమ్మంలో అరగంట మాట్లాడే చుట్టాలుంటారు కదమ్మా, అలాగ."

అత్తయ్య వింటోంది. "అయితే అచ్చం మా చెల్లెలన్నమాట."

ఫిబ్రవరి 6

దిగిన తీరుకి మూడు మాటలు పెట్టుకున్నాను. ఆనింది, కొట్టింది, గెంతింది.

ఆయన చూశారు. "ఈ గళ్ళన్నీ ఏంటోయ్? పిల్ల క్షేమంగా దిగిందా లేదా, అది చాలదూ?"

"ఎలా దిగిందో తెలియాలంటే దేంట్లో దిగిందో తెలియద్దాండీ?"

లెక్కల మేష్టారు. స్కేలు తెచ్చి, వంకరగా వచ్చిన గీత ఒకటి సరిచేసి ఇచ్చారు.

ఫిబ్రవరి 7

మైక్ — గెంతింది. మైక్ గెంతడమేమిటి?

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి కెజియా ఫోను.

పొద్దున్న చార్లీలో ఆరుసార్లు దిగింది. అయిదుసార్లు గెంతింది. పక్కన కూర్చునే సార్ ఇంకా ఒంటరిగా వదలనన్నారు. దాంతోపాటు చేరిన వాళ్ళందరూ ఒక్కొక్కరే ఎగిరేశారు. ఇరవయ్యొకటో తారీఖు శనివారం పెద్ద సారు చూస్తారట. ఆయన కూడా వద్దంటే చదువు ఆపి ఇంటికి రమ్మంటారు.

"చార్లీ బుద్ధే అంతమ్మా. తేలిక. గాలొస్తే గెంతుతుంది."

"మిగతా పిల్లలకీ గెంతుతోందా?"

"...ఫోను పెట్టేస్తానమ్మా."

ఫిబ్రవరి 9

వంట ఒక్కటే. ఇంకేమీ చేయలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

గళ్ళు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

చార్లీ — గెంతింది, గెంతింది, కొట్టింది, గెంతింది. గాలి ఉన్న రోజూ అంతే, లేని రోజూ అంతే. మరి గాలిది తప్పెలా అవుతుంది? టాంగో — ఆనింది. మైక్ — ఆనింది, ఆనింది, ఆనింది, ఒక్క శనివారం గెంతింది.

ఆ శనివారం కావాలి నాకు. ఫోను చేశాను.

"ఆ రోజు మైక్‌లో కొత్తగా ఏమైంది?"

"ఏం లేదమ్మా. నా ముందు ఎవడో పొడుగు కుర్రాడు ఎక్కేడు. సీటు కిందకి దించేసి పోయేడు. టైమైపోతోందని ఎత్తుకోకుండానే ఎక్కేసేను."

"చార్లీ సీటు పైకి లేస్తుందా?"



"లేవదమ్మా. ముందుకీ వెనక్కీ మాత్రమే."

"దిగేటప్పుడు నీకు నేల కనిపిస్తోందా?"

ఏడ్చింది. కనపడదట. విమానం ముక్కు మీదుగా చూస్తే ఆకాశమే. మెడ సాచి అంచనాగా దిగుతోంది. మరి సారుకి చెప్పలేదేమే అంటే — "పొట్టిదానివి నీకెందుకీ చదువంటారని."

నాలుగడుగుల పదకొండంగుళాలు. నా ఎత్తే. ఇది చార్లీ గుణం కాదు, సీటు! లేచి రెండుసార్లు పెరట్లోకి వెళ్ళొచ్చాను ఊరికే.

ఫిబ్రవరి 11

సీటు కొలతలు వాట్సాప్‌లో పంపింది. పదహారు, పద్నాలుగు. దిండు ఎత్తు రెండున్నర అంగుళాలు కావాలి.

ఇంట్లో బూరుగు దూది లేదు. అత్తయ్య తలగడ విప్పాను. "నా తలకింద దూది దాని కిందకా? కానీయ్, మళ్ళీ నింపివ్వాలి సుమా," అంది. ఇస్తానన్నాను. కుట్టి, సాయంత్రం బస్సులో పార్సిలు వేశాను.

ఫిబ్రవరి 14, శనివారం

మొదటి ల్యాండింగు — ఆనింది! చార్లీలో! రెండోది — ఆనింది. అత్తయ్య "స్తోత్రం" అంది గట్టిగా.

మూడోది కొట్టింది. నాలుగు, అయిదు గెంతాయి.

ఫిబ్రవరి 15

ఎందుకు? మొదట బాగుండి, పోనుపోను...

ప్రార్థన మధ్యలో తట్టింది. తలగడ! తలగడ పని తల పెడితే దిగడం. అత్తయ్య తలగడలో మిగిలిన దూదితో అచ్చం అలాగే మరో దిండు కుట్టి స్టూలు మీద వేసుకుని కూర్చుని కూర తరిగాను. కూర్చోక ముందు రెండున్నర. గంట తర్వాత ముప్పాతిక.

బిడ్డ పైకి లేస్తూ ఉంటే దిండు కిందకి దిగుతోంది. బూరుగు దూది తప్ప దిండులో ఇంకేదైనా పెట్టొచ్చని ఈ ఇంట్లో ఎవరికీ తోచలేదు. వాకిట్లో కొబ్బరి పీచు గుట్ట పెట్టుకుని.

ఫిబ్రవరి 16, సోమవారం

పీచు యార్డులో తాళ్ళు పేనే మంగతాయారు దగ్గరికి వెళ్ళాను.

"పీచు మీద కూర్చుంటే దిగుతుందా మంగా?"

"పీచు దిగదండీ, మనమే దిగాలి. ఎవరికండీ?"

"కెజియాకి. విమానంలో."

"విమానంలో కుర్చీలుండవాండీ?" నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తరవాత తనే కూర్చుంది. పీచు విదిలించి, పొరలు పొరలుగా పరిచి, కర్రతో కొట్టి, సన్న తాడుతో అడ్డంగా నిలువుగా బిగించింది. ఒక్కో వరసకీ లేచి నిలబడి తొక్కింది. నేను పైన గుడ్డ కుట్టాను.

గంట కూర్చున్నాను. రెండున్నర. రెండు గంటలు కూర్చున్నాను. రెండున్నరకి ఒక నూలుపోగు తక్కువ.

ఇది పార్సిలు వేయను. నేనే తీసుకెళ్తాను. ఆయన "ఒక్కదానివేనా?" అన్నారు. మళ్ళీ ఆయనే "ఆయ్, వెళ్ళు వెళ్ళు," అన్నారు.

ఫిబ్రవరి 18, బుధవారం

రాజమండ్రిలో రైలెక్కి, దిగి, ఆటోలో ఫ్లైయింగ్ స్కూలు.

షెడ్డు ముందు మూడూ ఉన్నాయి! కళ్ళజోడు బ్యాగు అడుగున ఉండిపోయింది, తోకమీది అక్షరాలు తెలియడం లేదు. ఐనా కెజియా నోరు విప్పకముందే చెప్పేశాను. కిందనున్న రెక్కలు, ఒకే తలుపు — టాంగో. కాళ్ళు దిట్టంగా, నలుగురు పిల్లలు రెక్కనీడలో కూర్చుని ఉన్నది — మైక్. చివర చిన్నది, తాళ్ళు కట్టేసినా గాలికి ఊగుతున్నది — చార్లీ.

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మీరెప్పుడైనా నడిపేరాండీ?"

"లేదు బాబూ. ఫోన్లో విన్నాను."

"ఏ ఊరండీ మీది?" రాజోలన్నాను. "ఆయ్! మాది అమలాపురమండీ! ఒక్కసారి కూర్చోండి, పరవాలేదు."

చార్లీలో కూర్చున్నాను. నేను!

లోపల మా వంటింటి అలమారంత. భుజం తలుపుకి తగులుతుంది. రేకు పల్చన, వేలితో కొడితే నూనె డబ్బా మోత. ఎదురుగా డయళ్ళు. వాటి పైన ఆకాశం. నేల లేదు. ఎంత మెడ సాచినా లేదు. ఇన్ని రోజులూ నా పిల్ల ఇలాగ దిగిందా...

దిండు వేసుకున్నాను. ముక్కు కిందకి దిగి, దాని అవతల సిమెంటు, తెల్ల గీత, దూరంగా రన్‌వే చివర. పుట్టింది నేల!

వెనక నుంచి ఎవరో హిందీలో ఏదో అన్నారు. పక్కన కూర్చునే సారట. కెజియా సంగతంతా చెప్పింది. దిండుని నొక్కి చూశారు, తిప్పి చూశారు. కెజియాని కూర్చోబెట్టి కాళ్ళు పెడళ్ళకి పూర్తిగా అందుతున్నాయా, బెల్టు సరిగ్గా పడుతోందా అని మూడుసార్లు చూశారు. వీపు వెనక్కి కూడా ఒకటి కావాలన్నారు, పల్చనిది. ఆ తర్వాత దాన్ని కోప్పడ్డారు — ఎత్తు కాదు తప్పు, చెప్పకపోవడం తప్పు అని. అది తలొంచుకుని నాకు తెలుగులో చెప్పింది.

ఫిబ్రవరి 19

వీపు దిండు ఇంటికొచ్చి కుట్టి పార్సిలు వేద్దామనుకున్నాను, మానేశాను. నిన్నే హాస్టల్లో కూర్చుని పూర్తిచేసి ఇచ్చి రావడం మేలైంది. ఇవాళ ఇల్లు చేరాను. ఇల్లంతా పోపు మాడిన వాసన.

ఫిబ్రవరి 20

చార్లీ — ఆనింది ఆనింది ఆనింది ఆనింది కొట్టింది ఆనింది.

ఫిబ్రవరి 21, శనివారం

పొద్దున్నే పెరడు ఊడ్చాను. మళ్ళీ ఊడ్చాను. అత్తయ్య మోకాళ్ళమీద. ఆయన స్కూలుకి సెలవు పెట్టి పేపరు తలకిందులుగా పట్టుకున్నారు.

తొమ్మిది ఇరవైకి మెసేజి. పెద్ద సారు ఎక్కేరు.

పది దాటింది. ఏమీ లేదు.

పదీ పన్నెండు. మెసేజి — పెద్ద సారు బెల్టు విప్పుకుని దిగిపోయేరట. కెజియాని మాత్రం దిగొద్దన్నారట, ఒక్కదాన్నే ఎగరమని. ఇది రాసింది కెజియా కాదు, దాని స్నేహితురాలు.

పదీ ముప్పయ్యొకటి. వీడియో. చార్లీ వస్తోంది, వస్తోంది, తెల్ల గీత దాటింది... ఆనింది. చక్రాల కింద పిసరు పొగ. అంతే. ఎన్నిసార్లు చూశానో రాయను. పిల్లలంతా కలిసి బకెట్లతో నీళ్ళు గుమ్మరించారు కెజియా మీద, మొదటిసారి ఒంటరిగా ఎగిరితే అదే మర్యాదట. సారు కూడా ఒక చెంబు పోశారు.

ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చికి వెళ్ళొచ్చాం. అత్తయ్య తలగడ కొత్త దూదితో నింపిచ్చాను, ఆ బాకీ తీరింది. మంగతాయారుకి వీడియో చూపించాను. "నా పీచు కనపడదేంటండీ?" అంది.

మధ్యాహ్నం కెజియా తీరిగ్గా మాట్లాడింది. ఒక్క సంగతి చెప్పింది, అప్పటినుంచీ కాలు నిలవడం లేదు నాకు.

పక్కన సారు బరువు లేకపోయేసరికి చార్లీ వేరే విమానం అయిపోయిందట! సగం రన్‌వే కూడా రాకముందే లేచిపోయింది. ఎండెక్కినా బద్ధకం లేదు, ఏమీ లేదు. వద్దన్నా పైకే. "నేను పట్టుకోవాల్సొచ్చిందమ్మా దాన్ని. ఇన్నాళ్ళూ దానికి ఇంత బలముందని నాకు తెలీదు."

అంటే నేను ఇన్నాళ్ళూ రాసింది చార్లీ గుణం కాదు. ఇద్దరు కూర్చున్న చార్లీ గుణం. మరి కెజియా ఒక్కతే ఉంటే మైక్ ఎలా ఉంటుంది? టాంగో గుమ్మంలో ఇంకా ఎంతసేపు నిలబడుతుంది? అడిగాను.

"ఏమో అమ్మా. ఎక్కేక చెప్తాను."

గళ్ళ పక్కన ఇంకో గడి గీశాను — ఎంతమంది.